చిన్నమ్మ ఇంట్లో రెండో భోజనం

నిన్నటి నుంచి ఎమ్మిగనూరులో మా చిన్నమ్మ వీధంతా నాకు తిండి లేదని జాలిపడుతోంది. కారణం ఒక కంప్యూటర్ గేమ్ అంటే నమ్ముతారా!

నేను ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్తాను. మా ఆయన, పిల్లలిద్దరూ విశాఖపట్నంలో ఉంటారు. పిల్లల్ని ఫోన్లోనే పెంచుతున్నాను. పాలు తాగారా, హోంవర్క్ అయిందా, గేములు మాత్రం ఆదివారం అరగంటే! అలాంటి నన్ను పట్టుకుని ప్రిన్సిపాల్ గారు, "మేడమ్, మన పల్లె సంస్కృతి మీద ఏదో గేమ్ పంపించారు. ఫస్టియర్ వాళ్లకు పాఠంగా పెట్టొచ్చో లేదో రేపటిలోగా చెప్పాలి. ఫారం మీద సంతకం పెట్టేయండి, చాలు," అన్నారు.

ఆడకుండా సంతకం ఎట్లా పెడతాను? చదువుకునే పిల్లలకు సంబంధించిన పని కదా!

పొద్దున్నే కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చున్నాను. ఆటలో మనం నేతపని చేసే ఒక పల్లెకు చుట్టంగా పోవాలి. ఇంటింటా మర్యాదగా నడుచుకుంటే మార్కులు. ఇదేం లెక్క, నేను పుట్టిందే అలాంటి ఇంట్లో! చెప్పులు బయట విడిచాను. కాళ్లు కడిగాను. ఆ ఇంటావిడ "అన్నం తినండి" అంది. కింద రెండు బటన్లు: 'సరే', 'వద్దు'. 'వద్దు' నొక్కి, మళ్లీ అడుగుతుందని చూస్తున్నాను. అడగలేదు! తలుపు ధడాల్న మూసుకుంది. 'మీరు ఆతిథ్యాన్ని అవమానించారు. సున్నా మార్కులు.'

మళ్లీ పోయాను. మళ్లీ 'వద్దు'. మళ్లీ సున్నా. రెండుసార్లు వద్దని మూడోసారికి కూర్చోవడం కదా మన పద్ధతి! ఈ మహాతల్లి రెండోసారే అడగదు!

పక్కన పేపర్లు దిద్దుతున్న రఫీ సార్ చూసి చూసి, "మేడమ్, కంప్యూటర్ దగ్గర కూడా మొహమాటమేనా? ఆకలేస్తే తినేయండి," అన్నారు.

పళ్లు కొరుక్కుంటూ 'సరే' నొక్కాను. అన్నం, సరే. మజ్జిగ, సరే. తాంబూలం, సరే. నాలుగో ఇంటికొచ్చేసరికి ఆవిడ నోరు తెరవకముందే నా వేలు 'సరే' మీదికి పోతోంది. నూటికి నూరు మార్కులు!

అంతటితో సంతకం పెట్టి ఉంటే బాగుండేది. కానీ ఆటలో చూపించిన గుంత మగ్గం సరిగ్గా ఉందో లేదో అని అనుమానం. కాలేజీ మెస్‌లో కడుపునిండా తిని, ఎమ్మిగనూరు బస్సెక్కాను. మా చిన్నమ్మ మగ్గం నేస్తుంది, చూసి సరిపోల్చుకోవచ్చని.

చేరేసరికి మూడు దాటింది. చిన్నమ్మ గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది.

"ఏం పాపా, ఇంత ఎండలో వస్తాండావు? రా, అన్నం తిందువు."

"సరే చిన్నమ్మా, పెట్టు!"

మగ్గం చప్పుడు ఆగిపోయింది. చిన్నమ్మ నన్ను చూసింది. నేను వంటింటి వైపు చూశాను. గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి ఆ మాట ఎవరైనా ఊరికే అంటారు, వినేవాళ్లు ఊరికే వద్దంటారు. ఇది మన ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు!

"అయ్యో, వద్దులే చిన్నమ్మా! తినే వచ్చినా!"

"నోరు మూసుకో! మొదట పెట్టమని ఇప్పుడు సిగ్గుపడతాండావా?"

ఇక నేను ఎన్ని 'వద్దు'లు అంటే అంత మర్యాద కింద లెక్క. చిన్నమ్మ గుంతలో నుంచి లేచి పొయ్యి వెలిగించింది. పక్కింటికి పోయి గుడ్లు అడిగింది.

"ఎవురొచ్చినారక్కా?"

"మా పాప! ఆదోనిలో తిండికి శానా అవస్థ పడతాంది, పాపం. అడిగి మరీ పెట్టించుకుంటాంది!"

రెండు ముద్దల సంగటి, గుడ్ల పులుసు. మెడదాకా తిన్నాను. మగ్గం సంగతి పూర్తిగా మరిచిపోయి, ఆయాసపడుతూ బస్సెక్కాను.

బస్సులో ఫారం తీస్తే చివరి ప్రశ్న: 'ఆటలో నేర్చుకున్నది నిజజీవితంలో పాటించారా?' అబద్ధం రాయలేను కదా. 'పాటించాను. అందుకే పిల్లలకు వద్దు' అని రాసి సంతకం పెట్టాను.

ఇంతలో ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఫోన్. చిన్నమ్మ అప్పుడే వాళ్ల నాన్నకు ఫోన్ చేసి ఏడ్చిందట!

"అమ్మా, నువ్వు అన్నం తినట్లేదా?"

జరిగిందంతా చెప్పాల్సి వచ్చింది. అంతా విని, అచ్చం నా గొంతుతో, "చూశావా, గేములు ఆడితే ఏమవుతుందో? ఇకనుంచి నీక్కూడా ఆదివారం అరగంటే. సరేనా?" అంది.

"సరే," అన్నాను. మొదటిసారికే.