వరస కుదరని నవల

ఆ రోజుల్లో నాకు ఇరవయ్యారేళ్ళ వయసు, నెత్తి నిండా జుట్టు, తెలుగు సాహిత్యానికి నేను తప్ప వేరే దిక్కు లేదన్న గట్టి నమ్మకం ఉండేవి. ఆ రోజులంటే మరీ తాతలనాటివి కావు. జనం పుస్తకాలు చదవడం మానేసి, చదవడం మానేశామని ఫోన్లో ఒకరికొకరు చెప్పుకుని బాధపడుతున్న రోజులే. సాలూరులో లారీ బుకింగ్ ఆఫీసులో గుమస్తాగా చేసేవాణ్ణి. లోడ్లు రాయగా మిగిలిన టైములో నవల రాసేవాణ్ణి. (ఒకసారి రెండూ కలిసిపోయి, ఒడిశా వెళ్ళాల్సిన ఉల్లిపాయల బిల్లు మీద "ఆమె కన్నుల్లో వెన్నెల కురిసింది" అని రాసేశాను. చెక్‌పోస్టులో డ్రైవర్ని గంటసేపు నిలబెట్టారు.) నవల మూడువందల పేజీల విషాద ప్రేమకథ. ఆఖర్న హీరోయిన్ చనిపోతుంది. ఆ చావు రాస్తూ నేను వెక్కివెక్కి ఏడ్చాను కాబట్టి లోకమంతా ఏడుస్తుందనుకున్నాను.

ప్రచురణకర్తలు మాత్రం ఏడవలేదు, అసలు జవాబే ఇవ్వలేదు. అప్పుడే ఎవరో చెప్పారు, ఇప్పుడు రచయితలు పాఠకుల్నే ముందుగా చందాలడిగి పుస్తకం అచ్చు వేసుకుంటున్నారట, దాన్ని క్రౌడ్ ఫండింగ్ అంటారట. ఇంకేం, సోషల్ మీడియాలో కన్నీళ్ళు పెట్టించే విజ్ఞప్తి ఒకటి పెట్టాను. పదిరోజుల్లో మూడు లైకులు, ఒక దణ్ణం బొమ్మ వచ్చాయి. "అన్నా, వైజాగ్‌కి లారీ ఖాళీ ఉందా?" అని ఒక మెసేజీ కూడా వచ్చింది.

ఆదివారం ఇంటికెళ్ళి (మా ఊరు రామతీర్థానికి దగ్గర) మంచం మీద బోర్లా పడుకుంటే మా మేనత్త చూసింది. ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, మా నాన్న దగ్గరే ఉండిపోయింది. చుట్టాలిళ్ళలో పెళ్ళైనా పురుడైనా నాలుగు రోజులు ముందే వెళ్ళి నడుం బిగించేది. ఇటు సాలూరు నుంచి అటు నౌపడ దాకా ఆవిడకి తెలియని గుమ్మం లేదు.

"ఏట్రా, మొకం అలా ఏలాడేసేవు?" అంది. చెప్పాను.

"సందా ఇచ్చినోళ్ళకి ఏటిస్తావు?"

"పుస్తకం ఇస్తానత్తా. చివరి పేజీలో వాళ్ళ పేరు వేసి కృతజ్ఞతలు చెబుతాను."

"సివరి పేజీ ఎవుడు సూస్తాడ్రా? గుడికి ఫ్యానిచ్చి రెక్కకో పేరు రాయించుకునే మనుసులు మనోళ్ళు. పేర్లు కథలోనే ఎట్టెయ్!"

నేను ఊఁ అన్నానో లేదో, మర్నాడే చేతిసంచీ పట్టుకుని బస్సెక్కింది. పదిహేను రోజులు తిరిగింది. తిరిగొచ్చి మంచినీళ్ళు తాగి, సంచీలోని చందా డబ్బులు నా చేతిలో పెట్టి, ఎనభై పేర్లు గడగడా అప్పజెప్పింది. ఎవరికి ఏ వేషమో కూడా ఆవిడే పంచేసింది. ఫలానా సిన్నాన్న డాక్టరు, ఫలానా మావ హెడ్‌మాస్టరు. హీరో వేషం మా సాలూరు బావ (నేను పనిచేసే ఆఫీసు ఓనరు ఆయనే) తన్నుకుపోయాడు. హీరోయిన్ వేషం నౌపడలో ఉన్న నా మరదలు పట్టేసింది. నేను ఆనందంగా కంప్యూటర్లో పాత పేర్లన్నీ తీసేసి కొత్త పేర్లు పెట్టి, నవల మొత్తం చుట్టాల గ్రూపులో పడేశాను.

మర్నాడు ఆఫీసు షట్టరు ఎత్తుతుంటే బావ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒరే, నౌపడ పిల్ల నాకేటవుతాదిరా?"

"హీరోయిన్ బావా."

"సెల్లెలవుతాది! సెల్లెల్ని నాసేత సముద్రం ఒడ్డున సెయ్యట్టించి తిప్పుతావేటి? ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దేటి నాను?"

"అది కథ కదా బావా..."

"కథైతే? సెల్లి సెల్లి కాకుండా పోతాదేటి?"

ఆయన నాకు బావ. ఆ పిల్ల నాకు మరదలు. నా బావకి నా మరదలు ఏమవుతుందో పాలు తాగే పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. మనిషి మనసు లోతులు తవ్వి తీశానని మురిసిపోతున్న నాకు మాత్రం తట్టలేదు. ఇంతలో ఫోను. మరదలి మొగుడు, నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర మేస్త్రీ. "అన్నా, నాను బతికుండగానే మా ఆవిడికి ఇంకో మొగుణ్ణి సూసేవేటి?" అన్నాడు, కోపంగా కూడా కాదు, దిగులుగా. ఆ ఫోను పెట్టగానే డాక్టరు వేషం కట్టిన సిన్నాన్న. "మొత్తం నవల్లో నా సేతికొచ్చిన పేషంటు ఒక్కతే. దాన్నీ సంపేసేవు. రేపు నాకాడికి ఎవుడొస్తాడ్రా?" అన్నాడు. (ఆయన రేషన్ షాపు డీలరు.)

నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సెక్కి ఇంటికొచ్చి గుమ్మంలోనే అరిచాను. "ఇది సాహిత్యమా, చుట్టాల సంతా? ఒక్క పేరూ ఉంచను! ఎవరి చందా వాళ్ళకిచ్చేస్తాను. నవల అచ్చవకపోతే పీడా పోయె!"

అత్త చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆగింది. ఆవిడ కూడా అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండును.

"ఒరే, నాకు ఇల్లు నేదు, సెక్క పొలం నేదు. ఉన్నదల్లా నోటిమాట. ఎనభై గుమ్మాలెక్కి మాటిచ్చేను, మీ పేరు అచ్చులో సూపిస్తానని. ఇప్పుడు తీసేస్తే ఆ గుమ్మాల్లో మల్లీ కాలెలా ఎట్టను? ఎట్టకపోతే ఇంక నాను ఎక్కడికెల్తాను, సెప్పు?"

ఇరవయ్యారేళ్ళొచ్చినా అత్త ఎక్కడికెళ్తుంది, ఎలా బతుకుతోంది అని నేనెప్పుడూ ఆలోచించలేదు. కాయితాల కట్ట తీసుకొచ్చి ఆవిడ ముందు పెట్టి, "ఏం చేద్దామో నువ్వే చెప్పత్తా" అన్నాను.

చెప్పింది. వారం రోజులు చెప్పింది. నేను చదవడం, ఆవిడ వరసలు కట్టడం.

"దాని మొగుడున్నాడు కదరా. ఆడే హీరో."

"అత్తా, ఆయనకి బట్టతల! నా హీరోకి గాలికి ఎగిరే జుట్టు."

"గాలి ఆపెయ్."

గాలి ఆపేశాను. బావని హీరోయిన్ అన్నయ్యని చేశాం. (ప్రేమికులిద్దర్నీ తన లారీలో ఘాట్ రోడ్డు దాటిస్తాడు. బ్రేకులు మంచి కండిషన్‌లో ఉన్నట్టు రెండుచోట్ల రాయించుకున్నాడు.) ఒక మావని అల్లుడు చెంపదెబ్బ కొట్టాల్సిన చోట, వరస కాదని, అల్లుడు అలిగి భోజనం మానేశాడు. ఇక ఆఖరి అధ్యాయం వచ్చింది. "అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇది విషాద నవల, ఈ ఒక్క చావూ ఉండనీ" అన్నాను. "ఇసాదం డబ్బిచ్చి కొనుక్కోవాలేటి? ఇంటికాడ నేదేటి? పసుపుకుంకాలతో ఉన్న పిల్లని సంపేవంటే దాని తల్లికి నా మొకం సూపించలేను" అంది. ఒకే ఒక్క ఇంజెక్షనుతో సిన్నాన్న హీరోయిన్ని లేపి కూర్చోబెట్టాడు.

పుస్తకం వచ్చింది. బావ తన లారీలన్నిటి వెనకా దాని పేరు రాయించాడు (చిన్నగా, తన పేరు పెద్దగా). మా ఊరి బడి వరండాలో ఆదివారం ఉదయం ఆవిష్కరణ పెట్టాం. నా ఉపన్యాసం ఒక్కరూ వినలేదు. ఎనభై మందీ తలలు వంచుకుని, వేలు పెట్టి ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుంటున్నారు. మరదలు మొగుణ్ణి మోచేత్తో పొడిచి, "సూసేవేటి, కథలో నువ్వు నాకు మల్లిపూలు తెచ్చేవట. పదకొండేళ్ళయింది పెళ్ళై, ఇంటికాడేటి మరి?" అంటోంది. ఆయన మెల్లగా నా పక్కకి జరిగి, "ఆ పేజీ సింపేస్తే ఎవులికేనా తెలుస్తాదేటన్నా?" అన్నాడు.

అందరూ భోజనాలకి లేచారు. అత్త మాత్రం బల్ల మీద కూర్చుని ఇంకా పేజీలు తిప్పుతోంది. కూడబలుక్కుని చదువుతుంది ఆవిడ. పక్కన కూర్చుని, "ఎవరి పేరైనా తప్పిపోయిందా అత్తా?" అన్నాను.

"నేదురా. అందరూ వచ్చేరు." పుస్తకం మూసేసింది. మళ్ళీ తెరిచింది. "అందరూ ఉన్నారు" అంది.

అప్పుడు తగిలింది నాకు. ఎనభై గుమ్మాలెక్కి ఎనభై పేర్లు తెచ్చిన మనిషి పేరు ఒక్క పేజీలోనూ లేదు. ఆవిడ అడగలేదు, నేను తలుచుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ చేతిలో పుస్తకం లాక్కుని, జేబులోంచి పెన్ను తీసి, పేరులేని పాత్ర ఎక్కడైనా మిగిలిందేమోనని గబగబా తిరగేశాను. హీరోయిన్ తల్లి దొరికింది.

"ఆవిడేటి సేస్తాది?"

"ఏడుస్తుందత్తా."

"నాకొద్దు. ఏడిసింది సాల్లే." తల పక్కకి తిప్పుకుని, "ఏదేనా సరేగాని, మొదట్నించీ సివరిదాకా ఉండే వేషం ఇయ్యి" అంది.

నవలంతా వెతికాను. అలాంటిది ఒక్కటీ లేదు. ఆఖరికి పుస్తకం మూసి, అట్ట మీద నా పేరు కింద పెన్ను పెట్టాను. ఆవిడ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"కిందేటిరా? పెద్దదాన్ని నానా, నువ్వా? పైన ఎయ్!"

పైన వేశాను.

ఆ తర్వాత నేను ఇంకో మూడు నవలలు రాశాను, జుట్టు పోయింది, సాహిత్యానికి నేను లేకపోయినా పరవాలేదని కూడా తెలిసొచ్చింది. అత్తకి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, ఎక్కడికీ వెళ్ళలేకపోతోంది. అందుకని ఆ గుమ్మాల వాళ్ళే ఆవిడ దగ్గరికి వస్తున్నారు. వచ్చిన ప్రతివాళ్ళకీ టీ ఇచ్చి, ట్రంకు పెట్టె తెరిచి, ఆ పుస్తకం తీసి చూపిస్తుంది. "నానే రాసేను. మావోడు కూడా కొంచెం సాయం సేసేడు" అంటుంది. నేనక్కడే ఉంటే అవునంటాను.