ముస్తాబు మామ్మ సొంత ఇల్లు అమ్మిన విధం

మా అమ్మమ్మ తలుచుకుంటే జైలును ఖైదీలకే అమ్మగలదు. కిటికీల ఊచలు భలే గట్టిగా ఉన్నాయని మెచ్చుకుని, వాళ్లు బయానా కూడా ఇచ్చిపోతారు. ఇందులో అతిశయోక్తి ఏమైనా ఉంటే అది నాది. పనితనం మాత్రం ఆవిడదే.

ఆవిడ పని అమ్మకానికి పెట్టిన ఇళ్లను ముస్తాబు చేయడం. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఒక లాడ్జిలో గదులు సర్దింది. తలుపు తీయగానే మనిషి ముందు ఎటు చూస్తాడో, ఎక్కడ ముక్కు చిట్లిస్తాడో, దేన్ని చూసి వెనక్కి తిరుగుతాడో అక్కడే నేర్చుకుంది. లాడ్జి మూతపడ్డాక, మేం తాళాల బ్రోకర్ అని పిలుచుకునే ఇళ్ల బ్రోకర్ ఒకాయన ఆవిడను పట్టుకున్నాడు. ఆయన నడుముకు ఒక అరవై తాళంచెవుల గుత్తి వేలాడుతుంటుంది. ఆయన వస్తున్నాడంటే వీధి మొదట్లోనే తెలిసిపోతుంది. ఎన్నాళ్లకూ అమ్ముడుపోని ఇల్లు చేతికి తగిలినప్పుడల్లా "మామ్మగారూ, ఒక్కసారి చెయ్యి వెయ్యండి" అంటూ దిగేవాడు. అలా అమ్మమ్మకు ముస్తాబు మామ్మ అన్న పేరు ఖాయమైపోయింది.

ఏ ఇంటికి వెళ్లినా అమ్మమ్మ ముందు ఏమీ ముట్టుకోదు. ప్రతి గదిలోనూ నేల మీద ఐదు నిమిషాలు కూర్చుంటుంది. తర్వాత లేచి సగం సామాను బయటికి పంపిస్తుంది. గోడల మీది ఫొటోలు దింపిస్తుంది. ఒకాయన వాళ్ల నాన్నగారి ఫొటో దించనని మొండికేస్తే, "కొనేవాళ్లు ఈ గదిలో వాళ్ల పిల్లల్ని ఊహించుకోవాలా, మీ నాన్నగారి మీసాలనా?" అని అడిగింది. ఎవరైనా సెంటు చల్లబోతే సీసా లాక్కుంటుంది. సెంటు కొట్టిన ఇంట్లో ఏదో కుళ్లిందని ముక్కున్న ప్రతివాడికీ తెలుస్తుందట. గోడ చెమ్మ కనబడకుండా లప్పం పూసెయ్యమంటే మాత్రం పని వదిలేసి వచ్చేస్తుంది. పెద్ద లోపం ఏదున్నా గుమ్మంలోనే తన నోటితో చెప్పేస్తుంది.

కానీ ఒక చిన్న లోపాన్ని కావాలని అలాగే ఉంచుతుంది. ఆవిడ అసలు విద్య ఇదే. ఒక ఇంట్లో వంకర కొక్కెం, ఇంకో ఇంట్లో సగం దాకానే వచ్చే సొరుగు.

"కొనేవాడికి ఒక తప్పు దొరకాలే. దొరికితే నేనెంత తెలివైనవాణ్నో అనుకుని వెతకడం మానేస్తాడు. దొరక్కపోతే పునాదులు తవ్వి చూస్తాడు" అనేది నాతో.

అందరి ఇళ్లూ అయ్యాక మా ఇంటి వంతు వచ్చింది. మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు, యాభై ఎనిమిది మెట్లు. మెట్లు ఎక్కడం మానెయ్యమన్నాడు డాక్టరు.

"దిగడం గురించి ఏమీ అనలేదు. అంటే ఒకసారి దిగితే ఇంక ఇంటికి రానక్కర్లేదన్నమాట" అంది అమ్మమ్మ.

పక్క వీధిలో కింది అంతస్తులో రెండు గదుల ఇల్లు ఒకటి కుదిరింది. దాని యజమానురాలు శనివారం దాకా ఆగుతానంది, అది దాటితే వేరేవాళ్లకు ఇచ్చేస్తానంది. మాది అమ్ముడుపోతే గానీ అది కొనలేం. అది చేజారితే అమ్మమ్మ ఇక కిటికీలోంచి వీధిని చూసుకోవలసిందే.

మా ఇంటికి పట్టిన అసలు బెడద మా తాతయ్య. ఆయన ఫ్యాన్లు బాగుచేసేవాడు. బాగుపడినవి జనం పట్టుకెళ్లారు, బాగుపడనివి మా ఇంట్లో ఉన్నాయి.

"ఇది తిరుగుతుందోయ్, కొంచెం టైమివ్వు" అన్నాడు తాతయ్య, తుప్పు పట్టిన ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని.

"పదకొండేళ్లు సరిపోలేదాండీ దానికి?"

చివరికి రాజీ కుదిరింది. ఏడు ఫ్యాన్లు, ఇరవై ఫొటోలు, పేరు తెలియని ఇంకా బోలెడు సరుకు అటకెక్కాయి. తలుపులు పడకపోతే తాతయ్య నా భుజమెక్కి వాటిని తీగతో బిగించాడు. ఇల్లు అద్దంలా తయారైంది. అమ్మమ్మ లెక్క ప్రకారం ఒక్క లోపం మిగిలింది. పడగ్గది తలుపు తీస్తే పిల్లి తోక తొక్కినట్టు అరిచేది. ఆ అరుపును ఎవరూ ముట్టుకోవద్దని ఆవిడ అందరికీ చెప్పింది.

శుక్రవారం పొద్దున ఇంట్లో ఎవరో ఒకరు, పేరు అనవసరం, చాలా మంచి ఉద్దేశంతో, ఆ తలుపు బందులకు కుట్టుమిషను నూనె పోశారు.

పదకొండింటికి తాళాల బ్రోకర్ ఒక ఆడిటర్‌నూ ఆయన భార్యనూ వెంటబెట్టుకుని వచ్చాడు. వేరే కొనేవాళ్లెవరూ లేరు. ఆ ఆడిటర్ ఉద్యోగమే ఎదుటివాళ్ల పనిలో తప్పులు పట్టడం. అమ్మమ్మ ఆయన్ను తిన్నగా పడగ్గది దగ్గరికి తీసుకెళ్లి తలుపు తోసింది. చప్పుడు లేదు. మూసి మళ్లీ తోసింది. వెన్నలా తెరుచుకుంది. అమ్మమ్మ నెమ్మదిగా తల తిప్పి చూసింది. నేను గోడ మీది రంగును శ్రద్ధగా పరిశీలిస్తున్నాను.

ఆడిటర్‌కు కాళ్లు నిలవలేదు. కుళాయిలన్నీ తిప్పాడు. గోడలు కొట్టి చెవి ఆనించాడు. నేల మీద పెన్ను పెట్టి దొర్లుతుందేమో చూశాడు. అది కదల్లేదు. ఆయన మొహంలో అనుమానం పెరిగింది.

"ఇంత బాగుంటే ఎందుకమ్మా అమ్ముతున్నారు?"

"మోకాళ్లు బాబూ. ఈ మెట్లు నావల్ల కావట్లేదు."

"మోకాళ్ల కోసం ఇంత మంచి ఇల్లు వదులుకుంటారా ఎవరైనా?"

"మీవింకా నలభై ఏళ్ల మోకాళ్లు. అందుకే అడుగుతున్నారు."

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం నమ్మలేదు. ఇంట్లో అబద్ధం ఎక్కడుందా అని తల పైకెత్తాడు. అటక కనబడింది. దాని కిందే తాతయ్య చేతులు చాపుకుని నిలబడ్డాడు.

"ఇందులో ఏముంది?"

"గాలి" అన్నాడు తాతయ్య.

ఆడిటర్ కుర్చీ ఎక్కి తీగ విప్పాడు. ముందు ఒక ఫ్యాను రెక్క దిగింది. దాని వెనకే ఫొటోలు జారాయి. తాతయ్య వాళ్ల నాన్న, తన పెద్ద మీసాలతో సహా, వచ్చి ఆడిటర్ చేతుల్లో పడ్డాడు. బ్రోకర్ తాళాల గుత్తిని గుండెకు అదుముకున్నాడు. శనివారం దాటిపోయినట్టే అనిపించింది నాకు.

ఆడిటర్ ఫొటోను తాతయ్యకు అందించి అటకలోకి తొంగి చూశాడు. మూరలతో కొలిచాడు. ఇంటికి వచ్చాక మొదటిసారి ఆయన మొహం వికసించింది.

"దొరికింది. అటక చిన్నది."

అమ్మమ్మ నేల మీద కూలబడింది. "దొరికిపోయాం. ఇన్నేళ్లలో ఈ ఇంటికి ఇంతమంది వచ్చారు బాబూ, ఒక్కరూ పట్టుకోలేకపోయారు."

"నా కళ్లు కప్పలేరమ్మా" అన్నాడాయన కుర్చీ దిగుతూ. ఆ గొంతులో అనుమానం మచ్చుకైనా లేదు.

"ఏదో ఒకటి దొరికిందిగా, ఇంక తీసుకుందాం. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి" అంది ఆయన భార్య.

అటక పేరు చెప్పి కాస్త తగ్గించమన్నాడు. అమ్మమ్మ ఏడుపుమొహం పెట్టి తగ్గించింది. ఆ సాయంత్రమే బయానా చేతిలో పడింది. శనివారం పొద్దున పక్క వీధి ఇంటికి ఆ డబ్బు కట్టడానికి బయల్దేరి, ఆవిడ యాభై ఎనిమిది మెట్లూ ఒక్కొక్కటే దిగి, కిందికి చేరాక వెనక్కి తిరిగి వాటికి ఒక నమస్కారం పెట్టింది. అది మర్యాదో, పీడ విరగడైందనో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు మా గుమ్మానికి ఒక్కటే మెట్టు. దాని మీద ఏడు ఫ్యాన్లున్నాయి. వాటిని దాటుకుని రోజూ వీధిలోకి వెళుతుంది అమ్మమ్మ. ఇక్కడిదాకా రాసినదంతా నిన్న ఆవిడకు చదివి వినిపించాను. జైలు దగ్గర నవ్వలేదు. మీసాల దగ్గరా నవ్వలేదు. మోకాలికి మందు రాసుకుంటూ చివరి దాకా వింది.

"బాగానే ఉంది గానీ, ఆ నూనె పోసిన 'ఎవరో ఒకరు' నువ్వేనని కూడా రాయవే, దొంగదానా."