ముద్దు పెడితే మాయమయ్యే ముసలమ్మ

నా చిన్నప్పుడు మా పేట పిల్లలకి రెండంటే భయం. ఒకటి ఉపదేశిగారి బెత్తం. రెండోది ఊరి చివర, ఒకప్పుడు పొగాకు కాల్చిన పాడుబడ్డ బ్యారన్ కొట్టంలో ఉండే ముసలమ్మ. బెత్తం మా మీదికి వచ్చేది. ముసలమ్మ మీదికి మేమే వెళ్ళేవాళ్ళం, రాళ్ళు పట్టుకుని.

మాది నరసరావుపేట నుంచి వినుకొండ పోయే దారికి బాగా లోపలగా ఉన్న ఊరు. ఎటు చూసినా మిరప, లేకపోతే పత్తి. మా పేటంతా కతోలికులం. ఫాదరుగారు ఎప్పుడో ఒకసారి జీపులో వచ్చి పూజ చేసి వెళ్ళిపోయేవారు. మిగతా రోజులన్నీ ఉపదేశిగారివే. జపం చెప్పించడం, పోయినవాళ్ళని సాగనంపడం, పిల్లలకి జ్ఞానోపదేశం నేర్పడం, అన్నీ ఆయన చేతి మీదే జరిగేవి. నాకు చదువు అబ్బలేదు. ఇప్పటికీ సంతకం పెట్టడం తప్ప ఇంకేమీ రాదు. కానీ ఆయన చెప్పిన పునీతుల కథలు మాత్రం ఒక్క ముక్క పోకుండా గుర్తున్నాయి. ఇనప కడ్డీల మీద పడుకోబెడితే కాలిపోయినాయన, పళ్ళన్నీ రాలగొట్టించుకున్నావిడ, పీకేసిన కళ్ళని పళ్ళెంలో పెట్టుకుని నిలబడ్డావిడ. ఆయన ఆ కథలు వేడన్నం తింటున్నంత ఇష్టంగా చెప్పేవాడు, మేమూ అంతే ఇష్టంగా వినేవాళ్ళం. కథలో మనిషి ఇంకా చావకపోతే "తర్వాత ఏం చేశారండీ" అని తొందరపెట్టేవాళ్ళం.

ముసలమ్మకి పెద్దరోగం, కుష్టు. రోగం ఎప్పుడో ఆగిపోయిందట గానీ అప్పటికే వేళ్ళు పోయాయి. రెండు చేతులూ మొండిగా, అరిగిపోయిన రోకళ్ళలాగా ఉండేవి. ఆ చేతులకి ఏదీ తెలియదు. నిద్రలో ఎలక కొరికినా తెల్లారి నెత్తురు చూసుకున్నాకే తెలిసేది. అందుకే ఊళ్ళో ఒక ఆసామి ఆమెకి ఆ బ్యారన్‌లో ఉండటానికి చోటిచ్చాడు. విత్తనానికి పక్కన పెట్టిన ఎండుమిరప కాయల్ని కొట్టి, చేత్తో నలిపి, గింజ వేరు చేయాలి. ఆ పని ఒక పూట చేస్తే ఎంత మొరటు చేతులైనా రాత్రంతా నిప్పుల్లో పెట్టినట్టు ఉంటాయి. ఈమెకి ఆ బాధ లేదు. తినే కాయ కాదు కాబట్టి ఆమె ముట్టుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. ఆసామి భార్య దూరం నుంచి అన్నం వంచి పోయేది. దాన్ని ఊరంతా దయ అనే అనుకుంది.

ఆ యేడు ఈస్టరు ముందు ఉపవాసాల తపస్సుకాలంలో నేను మొదటిసారి సత్ప్రసాదం, పూజలో ఫాదరుగారు నాలుక మీద పెట్టే అప్పం, అందుకోవడానికి తయారవుతున్నాను. ఈస్టరు నాడు తెల్లగౌను వేసుకుని ముందు వరసలో కూర్చోవాలంటే ఒక్కొక్కరూ ఒక పుణ్యకార్యం చేసి చూపించాలని ఉపదేశిగారు కట్టడి చేశాడు. ఒకడు బెల్లం మానేశానన్నాడు. ఇంకొకత్తె తమ్ముణ్ణి కొట్టనంది. "ఎన్నాళ్ళే?" అని ఆయన అడిగితే "పండగ దాకానండీ" అంది. ఆ రోజే ఆయన అస్సీసిపురి ఫ్రాన్సిస్ వారి కథ చెప్పాడు. ఆయన గొప్ప బట్టల వ్యాపారి కొడుకట. గుర్రం మీద పోతుంటే దారిలో పెద్దరోగం మనిషి ఎదురొచ్చాడట. ఫ్రాన్సిస్ వారు అసహ్యం దిగమింగుకుని, గుర్రం దిగి, వాణ్ణి ముద్దు పెట్టుకుని, మళ్ళీ గుర్రమెక్కి వెనక్కి చూస్తే దారి మీద ఎవరూ లేరట. రోగి మాయమైపోయాడట. వచ్చింది సాక్షాత్తూ యేసుస్వామేనట.

బెల్లం మానడం కంటే ఇది చాలా పెద్దదని నాకు అనిపించింది. పైగా స్వామి కనపడతాడు. మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బ్యారన్ దగ్గరికి పోయాను.

ముసలమ్మ గుమ్మంలో గోనెపట్టా మీద కూర్చుని కాయలు నలుపుతోంది. ఘాటుకి నాకు తుమ్ములు ఆగలేదు.

"రాయి ఏదే? మర్చిపోయొచ్చావా?" అంది తల ఎత్తకుండానే.

"రాయి కాదు. నిన్ను ముద్దు పెట్టుకుందామని వచ్చా."

ఆమె నవ్వింది. నవ్వు కాదు, దగ్గులాంటిది. "నా మొగుడు కూడా ఎప్పుడూ ఇంత ఆత్రంగా రాలేదు. పెడితే ఏమొచ్చిద్దే నీకు?"

ఫ్రాన్సిస్ వారి కథంతా చెప్పాను. ఆమె పని ఆపి శ్రద్ధగా వింది. చివర్లో అడిగింది, "అయితే నువ్వు ముద్దు పెట్టంగానే నేను మాయమైపోవాలన్న మాట."

"ఊఁ."

"మరి నేనెక్కడికి పోవాలే?"

అది కథలో లేదు.

"సర్లే, రా. ముద్దు తర్వాత. ముందు ఇటు చేతులు పెట్టు" అంది. పుణ్యానికి వచ్చినదాన్ని కదా, పెట్టాను. ఆమె నా రెండు చేతుల్నీ ఆ నలిగిన కాయల్లో కుక్కి, పైన తన మొండి చేతులు వేసి, బరువంతా మోపి నలపడం మొదలుపెట్టింది. మొదట ఏమీ లేదు. కాసేపటికి గోళ్ళ సందుల్లో మొదలై మోచేతుల దాకా పాకింది. ఏడ్చాను, గింజుకున్నాను. వదల్లేదు. ఆ మనిషి ముఖంలో జాలి అన్నది లేదు. నా ముఖంలోకి చూస్తూ తాపీగా నలిపింది, నేను రాళ్ళు వేసిన రోజులన్నీ తీరేదాకా.

"మండుతోందా? నాకు మండట్లా" అంది వదిలేశాక. "ఈ చేతులు నా కంటే ముందే చచ్చినయ్యి. మీరంతా నా చేతుల్నే చూసి పారిపోతారు, నువ్వేమో చేతుల్నే చూసి ముద్దుకొచ్చావు. బాధ లేని చోట ముద్దు పెట్టి, స్వామిని చూసుకుని పోదామనుకున్నావు."

వెక్కుతూనే అన్నాను, "మరి బాధ ఎక్కడుంది?"

ఆమె నా వైపు చూసే చూపు మారింది. "ఏడవమాక. అట్టా అడగాలి. ఇన్నేళ్ళకి ఒక్కళ్ళూ అడగలా."

లోపల రేకు డబ్బాలో ఆముదం ఉందని చెప్పింది. చేతులకి రాసుకుని, మిగిలింది తన తలకి పెట్టి దువ్వమంది. పొద్దు వాలేలోపల దువ్వాలట. ఆ జుట్టు ఎన్నాళ్ళుగా దువ్వలేదో, తాడులాగా అట్టలు కట్టింది. నేను చిక్కులు లాగుతుంటే తిట్టింది. "జుట్టే, మీ అయ్య పగ్గం అనుకున్నావా?" అంది. తిడుతూనే మెడ నిటారుగా పెట్టి దారి వైపు చూస్తోంది.

పొద్దు వాలే వేళకి ఎడ్ల మువ్వలు వినిపించాయి. మిరపకాయల బస్తాలు దించి వస్తున్న ఖాళీ బండి. ముసలమ్మ చేతులు పైట కింద దాచుకుంది. బండి మా ముందు నుంచే పోయింది. తోలేవాడు ఇటు తల తిప్పలేదు. బ్యారన్ దాటేదాకా కళ్ళు ఎడ్ల కొమ్ముల మీదే పెట్టుకున్నాడు.

"నా కొడుకు" అంది, బండి మలుపు తిరిగాక. "తల్లి చచ్చిపోయిందని చెప్పి ఈ ఊరి పిల్లని పెళ్ళి చేసుకుని ఇల్లరికం వచ్చాడు, వాడి వెనకే నేనూ వచ్చి ఇక్కడ పడ్డా. వాళ్ళ మామ మంచోడే. నువ్వు ఎవరి దగ్గరన్నా నోరు జారావంటే ఈసారి కళ్ళలో కొడతా కారం."

ఆ మధ్యాహ్నం నేను ముద్దు పెట్టలేదు. ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆ తర్వాత వీలు చిక్కినప్పుడల్లా పోయి తల దువ్వేదాన్ని. అతను ఒక్కనాడూ చూడలేదు. ఆమె మాత్రం చూస్తాడని అనుకోలేదు, తను అతన్ని చూసుకుంటే చాలనుకుంది. "చిక్కాడే, చూశావా? పెళ్ళాం సరిగ్గా పెట్టట్లా" అనేది.

ఆ తపస్సుకాలానికి ఉపదేశిగారు కూడా తనకో పుణ్యకార్యం పెట్టుకున్నాడని మాకెవరికీ తెలియదు. సముద్రం వైపు ఎక్కడో ఈ రోగం వాళ్ళకి ఆసుపత్రి ఉందట. ఫాదరుగారితో మాట్లాడి ముసలమ్మని అక్కడ చేర్చేటట్టు ఏర్పాటు చేశాడు. పండగ ముందు శనివారం సాయంత్రం నేను దువ్వెన పట్టుకుని వెళ్ళేసరికి బ్యారన్ ముందు జీపు ఉంది. పేటంతా ఉంది. ఎన్నడూ ఆ దరిదాపులకి రాని ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు.

ఫాదరుగారు చెడ్డమనిషి కాదు. వంగి, ఆమె ముఖం మీద ముఖం పెట్టి చెప్పారు. "అమ్మా, అక్కడ మంచం ఉంది. మందు ఉంది. మూడు పూటలా అన్నం పెడతారు."

"నాకొద్దయ్యా. నేనిక్కడే ఉంటా."

"ఇక్కడ ఏముందమ్మా నీకు?"

ఆమె దారి వైపు చూసింది. చెబితే కొడుకు పరువు ఆ దారిలోనే పోతుంది, కోడలి ముందు, మామ ముందు. నేను ముందుకొచ్చి "ఆమెకి ఇక్కడ" అనబోయాను. "నోరు ముయ్యవే లంజా" అంది నన్ను. ఆ చూపు చూశాక నోరు తెరిచే ధైర్యం నాకు లేకపోయింది. "దీనికేం తెలుసు, రాళ్ళేసే ముండ" అని ఫాదరుగారితో చెప్పి, గొంతు తగ్గించి బతిమాలింది. "కాసేపు ఆగండయ్యా. పొద్దు వాలనివ్వండి. తర్వాత మీ ఇష్టం."

"ఫాదరుగారికి ఇంకో ఊళ్ళో పూజ ఉంది. నీకోసం పండగ ఆగుద్దా?" అన్నాడు ఉపదేశిగారు.

ఇద్దరు మగవాళ్ళు కొత్త దుప్పటి కప్పి, దుప్పటితో సహా ఎత్తారు. ఆమె గుమ్మం గుంజని వాటేసుకుంది. పట్టుకోవడానికి వేళ్ళు లేవు. మొండి చేతులు గుంజ మీద జారుతుంటే, పళ్ళతో పట్టుకోవాలని చూసింది. ఎవరూ ఆమెని కొట్టలేదు, తిట్టలేదు. "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూ చంటిపిల్లని ఎత్తినట్టు నెమ్మదిగా ఊడదీశారు. జీపు కదిలితే ఉపదేశిగారు స్తోత్రం ఎత్తుకున్నాడు. అందరూ పాడారు.

జనం వెళ్ళిపోయారు. నేను అక్కడే కూర్చున్నాను. కాసేపటికి మువ్వలు వినిపించాయి. బండి బ్యారన్ ముందుకి వచ్చింది. గుమ్మంలో ఎవరూ లేకపోయేసరికి అతను మొదటిసారి ఇటు తల తిప్పాడు. ఖాళీ గుమ్మాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఎడ్లని అదిలించి పోయాడు.

మర్నాడు గుళ్ళో ఫాదరుగారు ఉపదేశిగారిని నిలబెట్టి, ఫ్రాన్సిస్ వారి అడుగుజాడల్లో నడిచాడని మెచ్చుకున్నారు. పూజకి ముందు తెల్లబట్టల పిల్లల్ని ఉపదేశిగారు చివరిసారి ప్రశ్నలడిగాడు. ఫ్రాన్సిస్ వారు వెనక్కి చూస్తే ఎవరు కనిపించారు అంటే అంతా "ఎవరూ లేరు" అని అరిచారు.

నేను లేచాను. "మరి ఆ రోగిష్టివాడు ఏమయ్యాడండీ?"

"చెప్పాగా. ఆయనే యేసుస్వామి."

"స్వామి కాదండీ. పుండ్లున్నవాడు. వాడికీ ఎవరో ఉండుంటారు గదండీ."

బెత్తం కాళ్ళ మీద పడింది. ప్రశ్నలు వేసే నోటికి ప్రసాదం లేదని నన్ను వరసలోంచి లాగేశాడు. మా అమ్మ గుడి వెనక్కి తీసుకుపోయి, తెల్లగౌను మాసిపోకుండా ముందు అది విప్పి, తర్వాత కొట్టింది. ఆ యేడు నాకు సత్ప్రసాదం లేదు.

ఆమె అక్కడ ఎన్నాళ్ళు బతికిందో నాకు తెలియదు. ఒక ఆదివారం ఉపదేశిగారు ఆమె పోయిందని చెప్పి ఆత్మశాంతికి ప్రార్థన చేయించాడు. పేరు చెప్పాల్సిన చోట తడుముకుని "ఆ ముసలమ్మ" అన్నాడు. మగవాళ్ళ వరసలో కూర్చున్న ఆమె కొడుక్కి ఆ పేరు తెలుసు. అందరితో పాటు అతనూ "ఆమెన్" అన్నాడు.

నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఇంటాయన పోయినప్పుడు మా ఇంటికి చాలామంది వచ్చారు. బియ్యం తెచ్చారు, చీరలు తెచ్చారు. పునీతులంతా ఇంతకంటే ఓర్చుకున్నారని చెప్పారు. ఒకావిడ నన్ను పట్టుకుని ఫోటో కూడా దిగింది. నాకు కావాల్సింది తలుపు వేసుకుని ఒక పూట పడుకోవడం. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఎవరి ఇంట్లో చావు జరిగినా, రోగం వచ్చినా నేను వట్టి చేతులతో పోతాను. పక్కన కూర్చుని "నీకేం కావాలి?" అంటాను. ఒకత్తె తన ఆడపడుచుల్ని బయటికి పంపమంది, పంపాను. ఒక ముసలాయన చుట్ట అడిగాడు, కొడుకులు తిడతారని తెలిసీ అంటించి ఇచ్చాను. ఇవేవీ పుణ్యం కిందికి రావు, గుళ్ళో వీటిని ఎవరూ మెచ్చుకోరు. అడిగాక మాత్రం జవాబు వచ్చేదాకా కదలను. కొంతమంది చాలాసేపు ఏమీ చెప్పరు. అంతకు ముందు వాళ్ళని ఎవరూ అడిగి ఉండరు.