నేను నీళ్లలో వేయించిన బతుకమ్మ

సుజాత పార్క్ బోర్డు ఎన్నికలో ఓడిపోయింది వాళ్ల అత్తగారి మొండిభక్తి వల్లేనని పరాయి దేశంలోని మా ఊరి తెలుగువాళ్లలో సగం మంది చెప్తారు. చెరువు పక్కన కుక్కను తిప్పే మార్గరెట్ అనే తెల్లావిడ ఓర్వలేక ఫొటో పెట్టిందని మిగతా సగం. రెండూ అబద్ధాలే. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఆ రెండూ వింటూ, పప్పు వడ్డించుకుంటూ, "అయ్యో పాపం" అంటూ అసలు నిజాన్ని ఇన్నేళ్లు మోశాను. మోశాను అన్నానా? మొదట్లో అది బరువే కాదు. హాయిగా ఉండేది. అది ముందే చెప్పాలి మీకు.

సుజాత నాకంటే చిన్నది. నన్ను అక్కా అనేది. ఊళ్లోని పార్కులు, చెరువులు చూసుకునే ఆ బోర్డుకి మనవాళ్లెవరూ అంతకుముందు నిలబడలేదు. పచ్చటి నాచు పట్టి కంపు కొడుతున్న మా పార్కు చెరువును బాగుచేయిస్తానన్నది దాని ప్రధాన వాగ్దానం. ఇంటింటికీ తిరిగింది. దాని పేరున్న ప్రచార బోర్డు మా ఇంటి ముందు నేనే పాతాను. కాలేజీలో డిబేట్లు గెలిచినదాన్ని, దాని తరఫున సభల్లో మాట్లాడాలని నా ఆశ. వాళ్లింట్లో అందరూ కూర్చున్నప్పుడు ఆ మాటే అడిగాను.

"అక్కా, నీకు దండం పెడ్త. నువ్వు నోరు తెరిస్తే ఉన్న ఓట్లు గూడ పోతయి. నువ్వు సమోసాల సంగతి చూడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎదురుగా తిట్టడం చేతకాని దాన్నా? జీవితంలో ఎవరికీ మాట పడనిదాన్ని. ఆ రోజు అక్కడే నాలుగు అనేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ అది అన్నది నిజం.

దసరా ముందు పార్కులో బతుకమ్మ. అనుమతి సుజాత పేరు మీద తీసుకున్నారు. చెరువులో ఏమీ వేయకూడదని సిటీ షరతు. అందుకని చిన్నపిల్లలు ఆడుకునే గాలి ఊదే తొట్టిలో నీళ్లు నింపి, బతుకమ్మలన్నీ అందులోనే వేయాలని సుజాత చెప్పింది. తొట్టి నేనే కొనుక్కొచ్చాను. సరికొత్తది.

వాళ్ల అత్తగారు జనగామ నుంచి వచ్చి వీళ్ల దగ్గరే ఉంటున్నారు. స్టోర్లో కొన్న చామంతులతో, వణికే చేతులతో, మూరెత్తు బతుకమ్మ పేర్చుకుని తెచ్చారు. తొట్టి వంక చూస్తూ దూరంగా కూర్చున్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏంది పెద్దమ్మా, ముఖం గట్లున్నది?"

"ఏం లేదు బిడ్డా. గీ తొట్ల వెయ్యాల్నట."

"పోరగాండ్లు ఉచ్చ పోసుకుంట ఆడే తొట్టి గది. గందుల గౌరమ్మను వేస్తవా?"

"కోడలు చెర్ల వద్దన్నది. సర్కారు రూలట."

"రూల్స్ మనకు, దేవతకు కాదు. నీ ఒక్కదాని పూలకే చెరువు పాడైతదా? లే, నేను తోలుకపోత."

"సల్లగుండు బిడ్డా" అన్నారామె. అందరూ ఆటలో ఉండగా మోచెయ్యి పట్టుకుని గట్టు దాకా తీసుకెళ్లాను. ఒంటరిగా పాడుకుంటూ నీళ్లలోకి వదిలారు. పెద్దావిడే వేసింది కదా అని మిగతా ఆడవాళ్లూ కదిలారు. బాతులు గోల చేస్తూ లేచాయి. సుజాత పరుగెత్తుకొచ్చేసరికి చెరువు అంచంతా పూలే. నేనప్పటికే వెనక్కి వచ్చి ఫోన్ తీశాను. ఫొటోలో తడిసిన చీర కుచ్చిళ్లతో ఆ పెద్దావిడ, ఆమె పక్కనే "నీళ్లలో ఏమీ వేయరాదు" అన్న సిటీ బోర్డు.

ముందే అనుకున్నానా? ముసలామె పక్కన కూర్చున్నప్పుడు ఊరికే పుల్ల పెడదామనే అనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పొద్దున ఆ బోర్డు చదివినప్పుడే ఫొటో ఎక్కడ నిలబడి తీయాలో చూసుకున్నాను.

అబద్ధపు పేరుతో, కుక్క బొమ్మతో, ఊరివాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో పెట్టాను. చెరువును కాపాడతానన్న మనిషి ఇంటివాళ్లే ఇలా చేశారని రాశాను. కింద ఎవడో మీ దేశానికి పొండి అని రాశాడు. అది నాకూ తగిలే మాటే. దానికీ లైక్ కొట్టాను.

సుజాత ఓడిపోయింది. మర్నాడు వాళ్లింటికి సమోసాలు పట్టుకెళ్లాను. అవును, సమోసాలే. ఏడ్చి వాచిన కళ్లతో అది నా ముందే అత్తగారిని అడిగింది. "నిజం చెప్పు అత్తమ్మా, చెర్ల వెయ్యమని ఎవరన్న చెప్పిన్రా?"

నా చేతిలో సమోసా ఆగిపోయింది. ఆమె నావైపు చూడలేదు. "ఎవరు చెప్తరు? నాకే బుద్ధి లేక" అన్నారు.

సమోసా తిన్నాను. చట్నీ కూడా అడిగాను.

అప్పటినుంచి ఆమె పువ్వు ముట్టలేదు. ఇప్పుడు బతుకమ్మ ఆడేది ఓ హాల్లో. ఆమె కుర్చీలో కూర్చుని అందరి చెప్పులకు కాపలా ఉంటారు. సుజాత మళ్లీ ఏ పదవికీ నిలబడలేదు. చెరువు ఇంకా కంపు కొడుతూనే ఉంది. మార్గరెట్‌ను మనవాళ్లెవరూ పలకరించరు. ఎందుకో పాపం ఆమెకు తెలియదు.

క్షమించమని అడగడానికి రాయడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఆ ముగ్గురి ఎదుట నిలబడే ధైర్యం నాకు ఈ రోజుకీ లేదు. పేర్లు మార్చి మీకు చెప్పుకుంటున్నాను. రాశాక కొంచెం ఊపిరాడుతోంది. ఈ మాత్రం సుఖం కూడా నాకు ఎక్కువే.

ఒక్కటి మాత్రం తేలడం లేదు. ఆ అత్తగారు మతిమరుపు మనిషి కాదు. నా పేరు ఒక్కటి చెబితే ఆ ఇంట్లో ఆమె తల ఎత్తుకుని తిరిగేది. జాలిపడిందా? కోడలికి ఉన్న ఒక్క అక్క కూడా పోతుందనుకుందా? లేక ఆ ఫొటో కూడా నేనే తీశానని తెలిసి, చెప్పకపోవడమే నాకు తగిన శిక్ష అనుకుందా?