నీలిరంగు కటకటాల మంచం

మా పుట్టిల్లు పామర్రు దగ్గర ఒక పల్లెటూరు. దొడ్డిగోడకు అవతలే సమాధుల దొడ్డి. ఆ గోడ మీదే దుప్పట్లు ఆరేసుకునేవాళ్లం. ఎండాకాలం సెలవుల్లో సమాధుల మధ్యే దాగుడుమూతలు ఆడేవాళ్లం. పోయినవాళ్లు ప్రభువు దగ్గరుంటారు, మన గుమ్మాల దగ్గర తచ్చాడే తీరిక వాళ్లకుండదు అనేవారు మా నాన్న. నేనూ అదే నమ్మాను. పెద్దయ్యాక లెక్కల టీచరునయ్యాను. స్టాఫ్ రూములో ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నవ్వేసి నా పేపర్లు నేను దిద్దుకునేదాన్ని.

ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగిన సంగతి జరిగినట్టు చెప్పాలని రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో మేము విజయవాడ గుణదలలో కొండకు దగ్గరగా ఒక ఇంటి పై వాటాలో అద్దెకు దిగాం, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాం. మావారు టెక్నికల్ స్కూల్లో డ్రాయింగు చెబుతారు. కింది వాటాలో ఇంటివాళ్లు ఉంటారు. వాళ్ల కోడలు రాజ్యం. నాకంటే చిన్నది, నన్ను అక్కయ్యగారూ అని పిలుస్తుంది. పెళ్లయిన చాలా ఏళ్లకు నాకు కడుపు పండింది. నా తర్వాత నెలకే రాజ్యానికి కూడా నెల తప్పింది. నీళ్ల పంపు దగ్గర కలిసినప్పుడల్లా ఇద్దరివీ అవే కబుర్లు. ఏడో నెలలో దాన్ని పురిటికి పుట్టింటికి, మంగళగిరికి తీసుకెళ్లారు.

పుట్టబోయే బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలన్నది మాకు పెద్ద సమస్య అయింది. అది కొత్త డాబా. శ్లాబుకు ఫ్యాను కొక్కెం తప్ప ఇంకో కొక్కెం లేదు, ఉయ్యాల కట్టే వీలు లేదు. కింద చాప మీద పడుకోబెడదామంటే వానాకాలం కొండ మీంచి తేళ్లు, జెర్రులు వచ్చేవి. ఒకసారి మా మెట్ల మీదే తేలు కనబడింది. మా మంచం మీద మా ఇద్దరి మధ్య వేసుకుందామంటే మావారికి భయం. ఆయన నిద్రలో దొర్లుతారు.

"ఆస్పత్రిలో ఉంటాయే, చుట్టూ కటకటాలు ఉన్న మంచాలు, అలాంటిది కొందాం" అన్నారు.

మా అత్తగారు అప్పటికే పురుడు పోయడానికి వచ్చి ఉన్నారు. "కొంటే కొనండి గానీ రంగేసింది మాత్రం తేకండి. పళ్లొచ్చేటప్పుడు పిల్లలు అంచులు కొరుకుతారు" అని హెచ్చరించారు.

ఒక శనివారం మధ్యాహ్నం మేమిద్దరం బజారుకు వెళ్లి కుర్చీలూ మంచాలూ అమ్మే కొట్టులోకి వెళ్లాం. కొట్టులో పిల్లల మంచాలు రెండే ఉన్నాయి. ఒకటి రంగు లేని టేకుది, మొరటుగా, బరువుగా ఉంది. రెండోది లేత నీలంరంగు వేసింది. తలవైపు చెక్క మీద తామరపువ్వు చెక్కారు. ఒక రేకు కొసన చిన్న పెచ్చు లేచిపోయింది. కాళ్లకు చక్రాలు. ఒక పక్క కటకటా కిందికి జారుతుంది, వంగకుండా బిడ్డను ఎత్తుకోవచ్చు. మా అత్తగారి మాట గుర్తుంది. అయినా నా మనసు దానిమీదే పడింది.

మావారు ఏదైనా పరీక్ష చేయకుండా కొనరు. చువ్వల మధ్య పిడికిలి పెట్టి చూశారు. జారే పక్కను పైకీ కిందికీ లాగి, కింద బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో వేళ్లతో తిప్పి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. "బాగుంది, తీసుకుందామా?" అన్నారు.

పరుపు మెత్తగా ఉందో లేదో చూద్దామని నేను వంగి చెయ్యి ఆనించాను. అప్పుడు పసిపిల్ల ఏడుపు వినపడింది.

బయటి నుంచి కాదు. నా చేతి కిందనుంచి. నోరు దిండుకు ఒత్తుకుపోతే ఎలా ఉంటుందో అలా, మూసుకుపోయిన ఏడుపు. ప్రతి ఏడుపు చివరా ఎక్కిలి లాంటి చిన్న విరుపు. చెయ్యి తీశాను. ఆగిపోయింది. పిచ్చిదాన్నా ఏమిటి అనుకుని మళ్లీ ఆనించాను. మళ్లీ అదే ఏడుపు.

"ఏవండీ, ఎక్కడో పిల్ల ఏడుస్తోంది, వినపడుతోందా?"

ఆయన చెవులు రిక్కించి, లేదన్నారు. కొట్టాయన నవ్వి, "పిల్లి దూరిందేమోనమ్మా" అంటూ వంగి మంచం కిందంతా చూశాడు. ఏమీ లేదు. పైన ఎవరైనా కాపురం ఉన్నారా అని అడిగాను. పైన దూది బేళ్లు వేసుకునే గోడౌనట.

"ఇది వద్దండీ, ఆ టేకుదే తీసుకుందాం" అన్నాను. మావారు నా ముఖం చూసి టేకుదానికే డబ్బు కట్టారు. రిక్షాలో మాత్రం, "వట్టి మనిషివి కావు కదా, ఎండకు కళ్లు తిరిగి ఉంటాయి" అన్నారు. నేనూ అంతే అయి ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడమే హాయిగా అనిపించింది.

మాకు ఆడపిల్ల పుట్టింది. సునీత అని పేరు పెట్టాం. ఆ టేకు మంచంలో అది కాళ్లూ చేతులూ ఆడిస్తూ హాయిగా పెరిగింది. కొట్టు సంగతి దాదాపు మరిచిపోయాను.

రాజ్యానికి మగపిల్లాడు పుట్టాడు. వాడికి అయిదో నెల రాగానే మంగళగిరి నుంచి తీసుకొచ్చారు. ఆ రోజు పై మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. ముందు రిక్షాలో రాజ్యం, ఒళ్లో పిల్లాడు. వెనక రిక్షాలో వాళ్ల అన్నయ్య ఒక మంచం పట్టుకుని కూర్చున్నాడు. నీలంరంగు. తామరపువ్వు. ఒక రేకు కొసన పెచ్చు లేచి ఉంది.

మేనమామ ముచ్చటపడి కొన్నాడట. అదే కొట్టు.

కిందికి వెళ్లాను. అందరూ పిల్లాణ్ణి చూస్తుంటే నేను ఆ మంచం మీద చెయ్యి ఆనించాను. ఏ శబ్దమూ లేదు. అరచెయ్యి మొత్తం ఆనించి చూశాను. ఏమీ లేదు. ఊపిరి పీల్చుకున్నాను. ఇంతలో పిల్లాడు ఆకలికి ఏడ్చాడు. ప్రతి ఏడుపు చివరా ఎక్కిలి లాంటి చిన్న విరుపు.

రెండు రోజులు నాలో నేను మథనపడ్డాను. చదువుకున్నదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఇలాంటి మాట నోటితో ఎలా అనడం? మూడో రోజు ఉండబట్టలేక రాజ్యానికి అంతా చెప్పేశాను. అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పిల్లాడి తల నిమురుతూ ఇలా అంది:

"మా అన్నయ్య ఎంతో ఇష్టంగా తెచ్చాడు అక్కయ్యగారూ. ఏమని చెప్పి తిప్పి పంపను? వీడికి రోజూ దిష్టి తీస్తాను. మీకు మాత్రం మళ్లీ ఎప్పుడన్నా అది వినపడితే, నిజమో అబద్ధమో చూసుకోవద్దు. పరిగెత్తుకొచ్చేయండి."

సరేనన్నాను.

తర్వాత కొన్ని నెలలు అంతా బాగానే జరిగింది. పిల్లాడు వాసు బొద్దుగా తయారయ్యాడు. బోర్లాపడ్డాడు, పాకాడు. మంచంతో వచ్చిన పరుపు గట్టిగా ఉందని రాజ్యం అత్తగారు బూరుగు దూదితో మెత్తటి పరుపు కుట్టించి వేశారు.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి వంట చేస్తున్నాను. సునీత తన మంచంలో నిద్రపోతోంది. మావారు దాని పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్నారు. కింద రేడియోలో పాటలు పెద్దగా వస్తున్నాయి. నేను పులుసులో గరిట తిప్పుతుంటే ఏడుపు వినపడింది. రేడియో పాటలోంచి కాదు, పాట కింద నుంచి వచ్చినట్టు. మూసుకుపోయిన ఏడుపు. చివర ఆ విరుపు. సరిగ్గా కొట్టులో నా చేతి కింద విన్నదే.

గదిలోకి వచ్చి చూశాను. సునీత కదలకుండా నిద్రపోతోంది.

"ఏడుపు వినపడటం లేదూ?"

"ఏ ఏడుపు?" అన్నారు మావారు తలెత్తి.

గరిట చేతిలో ఉండగానే మెట్లు దిగి పరిగెత్తాను. నా వెనకే ఆయనా వచ్చారు.

కింది వాటా తలుపు తీసే ఉంది. ముందు గదిలో ఎవరూ లేరు. రాజ్యం పెరట్లో బట్టలు ఉతుకుతోంది. వాళ్ల అత్తగారు పక్కింట్లో ఉన్నారు. లోపలి గదిలో మంచం పరుపు మీద పిల్లాడు లేడు. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత చూశాను. జారే పక్కకూ పరుపుకూ మధ్య సందులో వాడి ఒళ్లంతా కిందికి దిగిపోయి వేలాడుతోంది. తల మాత్రం ఇరుక్కుపోయింది. ముఖం పరుపు అంచుకు ఒత్తుకుపోయి ఉంది. కదలిక లేదు. శబ్దం లేదు.

ఆ పక్కను దించబోతే దిగలేదు. మావారు రెండు చేతులతో దాన్ని బయటికి లాగి పట్టుకున్నారు. నేను వాడి చంకల కింద చేతులు పెట్టి పైకి ఎత్తాను. పెదాలు నల్లబడ్డాయి. స్కూల్లో ప్రథమ చికిత్స క్లాసులో నేర్పింది ఏం గుర్తొచ్చిందో, ఏం చేశానో వరుసగా చెప్పలేను. ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు మీద తట్టాను. తిప్పి నోట్లోకి ఊపిరి ఊదాను. "యేసయ్యా, యేసయ్యా" అంటూనే ఉన్నానని మావారు తర్వాత చెప్పారు.

వాడు ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నాడు. తర్వాత ఏడ్చాడు.

ఆ ఏడుపు విని రాజ్యం తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. నా చేతుల్లో వాణ్ణి, ఊడి వేలాడుతున్న మంచం పక్కను చూసి అక్కడే కూలబడిపోయింది. వాణ్ణి దాని ఒళ్లో పెట్టాను. అది నా కాళ్లు పట్టుకోబోతే నేనూ కింద కూర్చుని దాన్ని వాటేసుకున్నాను. ముగ్గురం ఏడ్చాం. పైన ఒంటరిగా వదిలేసి వచ్చిన సునీత లేచి అదీ మొదలుపెట్టింది. మావారు పైకి పరిగెత్తారు. పులుసు మాడిపోయింది.

వీధి చివర డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన వాణ్ణి అంతా పరీక్షించి భయం లేదన్నారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఈ మాట అనగలిగేవాణ్ణి కాదన్నారు. ఎలా కనిపెట్టారు అని అడిగారు. ఏడుపు విని వెళ్లానని చెప్పాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "ముఖం అలా ఒత్తుకుపోతే గొంతు రాదమ్మా. గదిలో ఉన్నవాళ్లకే వినపడదు. మీరు మేడ మీద ఉన్నానంటున్నారు."

రాజ్యం కూడా అదే చెప్పింది. అది కిటికీకి అవతలే ఉంది, చెవి అటే వేసి ఉంచింది. దానికి ఏమీ వినపడలేదు. అది విన్న మొదటి ఏడుపు, వాడు నా చేతుల్లో ఏడ్చిందే.

ఆ సాయంత్రం మావారు ఆ మంచాన్ని విప్పి చూశారు. జారే పక్కకు కింద ఉన్న ఒక బోల్టు అరిగి వదులైంది. లోపలినుంచి పిల్లాడు నెడితే ఆ పక్క బయటికి వాలుతుంది. కొత్త పరుపు కాస్త వెడల్పు తక్కువ. ఆ రెండూ కలిసి సందు ఏర్పడింది. ఆ మంచాన్ని మళ్లీ బిగించలేదు. రాజ్యం వాళ్ల అన్నయ్యే వచ్చి కళ్లనీళ్లతో దాన్ని గొడ్డలితో కొట్టి ముక్కలు చేశాడు. మా టేకు మంచాన్ని మావారూ అతనూ కలిసి కిందికి దించారు. కటకటాలు ఎక్కి దిగడం వచ్చేదాకా వాసు దాంట్లోనే పడుకున్నాడు. సునీతను నా పక్కలో వేసుకున్నాను. మావారు కింద చాప వేసుకున్నారు, తేళ్ల సంగతి తాను చూసుకుంటానన్నారు.

నేను లెక్కల మనిషిని. దీనికి సమాధానం కోసం చాలాసార్లు ప్రయత్నించాను. కొట్టులోనే ఆ మంచంలో ఏదో లోపం నా కంటపడి ఉంటుందనీ, అది బుర్రకు తెలియకుండా చెవికి తెలిసి ఉంటుందనీ మావారు అన్నారు. కానీ ఆ బోల్టు అప్పుడు బిగువుగానే ఉంది. స్వయంగా తిప్పి చూసింది ఆయనే. నేను కొట్టులో ఆ గొంతు విన్న రోజుకు వాసు ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు.

"పుట్టకముందే పిలిచాడమ్మా" అన్నారు మా అత్తగారు. ఆమె అంతకంటే ఆలోచించలేదు. నేను ఆలోచించీ అంతకంటే ముందుకు పోలేకపోయాను.

రాజ్యం ఊళ్లో అవతలి కొండ మీద అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. గుణదల మాత గుడిలో కొవ్వొత్తులూ వెలిగించింది. నేను మా చర్చిలో మోకాళ్ల మీద చాలాసేపు ఉన్నాను. ఎవరికి చేరాలో వాళ్లకు చేరుతుందిలే అక్కయ్యగారూ అంది రాజ్యం.

వాసు ఇప్పుడు రెండో తరగతి. ఊరికే ఉండడు. మెట్ల కింద నిలబడి సునీతను పిలిచాడంటే వీధి చివరిదాకా వినపడుతుంది. మావారు పేపరు పక్కన పెట్టి, వీడి గొంతుకు తాళం వేసేవాళ్లు లేరా అని విసుక్కుంటారు. నేను మాత్రం చేస్తున్న పని ఆపి ఆ అరుపంతా వింటాను. ఆ రోజు నాకు వినిపించింది ఏమిటో నాకు తెలియదు. ఇక తెలుస్తుందన్న ఆశా లేదు. వాడు అరుస్తున్నాడు, అది చాలు.