గోడాదరాలో ఫ్రెంచాయన జిల్లా

సూరత్‌లో మా మేనమామ మరమగ్గం నడుపుతాడు. మొన్న నేను ఆ ఊళ్ళోనే గోడాదరా పేటలో వాళ్ళింట్లో ఉన్నప్పుడు, ఆయన కార్ఖానాలో నేత చూడటానికి ఒక ఫ్రెంచాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. అందరం బయట చాయ్ తాగుతున్నాం. అక్కడికి నేతపనికి వలస వెళ్ళిన మన తెలంగాణవాళ్ళు కొత్త మనిషిని పేరుకంటే ముందు జిల్లా అడుగుతారు. మామ ఆయన్నీ వదల్లేదు.

"జర అడుగు అల్లుడా, ఆయనది ఏ జిల్లా?"

ఇంగ్లీషులో అడిగాను. అంతదాకా నవ్వుతున్న మనిషి ముఖం ఎర్రబడింది. వాళ్ళ దగ్గర కొన్ని పల్లెలు కలిస్తే కాంటన్, మన మండలం లాంటిది. ఆయన కాంటన్ ఫ్రెంచి విప్లవం నాటిది. అన్ని కాంటన్లలో జనాభా సమానం చేయాలని దాన్ని తీసేసి, కొండ అవతలి ఊళ్ళతో కలిపేశారట.

"మా పశువుల సంత ఇటు, మా చుట్టాలు ఇటు. గీత గీసినవాడు ఆ కొండ ఒక్కసారైనా ఎక్కాడా?"

నేను తెలుగులో చెప్పగానే మామ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "మమ్మల్ని గిట్లనే చేసిండ్రు. కరీంనగర్‌ల పుట్టినోళ్లం, తీసుకపోయి పక్క జిల్లాల కలిపిండ్రు. ఎవడన్న అడిగిండా?"

నాకూ కడుపు మండింది. ఊళ్ళో ఉండేది నేను. ఇప్పుడు కలెక్టరాఫీసుకు రెండు బస్సులు మారాలి.

ఇంతలో పక్క మగ్గం నడిపే మా ఊరాయన వచ్చి, ఫ్రెంచాయన్ని చూసి నవ్వుతూ, "సాబుది ఏ జిల్లా?" అన్నాడు.

మామ కసిరాడు. "పాతది అడుగు! కొత్తది మేం పెట్టుకున్నమా?"