మా బండి రిచ్!

నా చిన్నప్పుడు నాకున్నంత కుళ్ళు మా మాదాపూర్‌లో ఇంకెవరికీ ఉండేది కాదు. పక్కింట్లోకి కోస్తా నుంచి ఒక కుటుంబం కిరాయికి దిగింది. ఆ అంకుల్‌కి మెరిసిపోయే కొత్త వ్యాన్ ఉండేది. మాదీ అలాంటి వ్యానే, కాని పాతది; తలుపు వేయాలంటే రెండు చేతులూ కావాలి. వాళ్ళమ్మాయి ముందు సీట్లో కూర్చుని నన్ను చూసి చెయ్యి ఊపితే నాకు ఒళ్ళు మండిపోయేది. పాపం, ఆ పిల్ల ప్రేమగానే ఊపేది. అదింకా మంట.

అప్పుడే గుట్టలు పగలగొట్టి హైటెక్ సిటీ కడుతున్నారు. ఎటు చూసినా దుమ్మే. కొత్తగా తెరిచిన ఒక ఆఫీసువాళ్ళని మియాపూర్ నుంచి తెచ్చి దింపే పని మా నాయనకు దొరికింది. మా ఇల్లు గడిచేది దానిమీదే. పక్కింటి అంకుల్‌కి కూడా ఆ పనే కావాలని వీధిలో అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడే మా వ్యాన్ నల్లటి పొగ వదలడం మొదలుపెట్టింది. పెట్రోల్ వాసనకి ఎక్కినవాళ్ళకు తల తిరిగేది. ఇంకోసారి పొగ కనబడితే వేరే బండి చూసుకుంటామని ఆఫీసువాళ్ళు చెప్పేశారు. "పక్కింట్ల ఈ ముచ్చట తెల్వద్దు" అని నాయన ఇంట్లో అందరినీ హెచ్చరించాడు.

మెకానిక్ వచ్చి ఏదో స్క్రూ తిప్పాడు. పొగ తగ్గలేదు. "ఇంజన్ బాగ రిచ్ నడుస్తుందన్నా" అన్నాడు తల గోక్కుంటూ. నేను గడప మీద కూర్చుని విన్నాను. నాకు తెలిసిన రిచ్ ఒక్కటే, బాగా డబ్బున్నవాళ్ళు. ఇంక నేనాగుతానా! పరుగెత్తుకెళ్ళి ఆ పిల్ల ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"మీది ఉత్త కొత్త బండే. మా బండి రిచ్! మెకానికే చెప్పిండు!"

వరండాలో పేపరు చదువుతున్న వాళ్ళ నాన్న తలెత్తాడు. "అలాగా అమ్మా? పొగ నల్లగా వస్తోందా?"

"మస్తు నల్లగొస్తది" అన్నాను, అదీ గొప్పే అనుకుని.

సాయంత్రం ఆయన మా గేటు తీసుకుని వస్తుంటే నాయన ముఖం మాడిపోయింది. "ఏంది బిడ్డా, గిట్ల చేస్తివి" అన్నాడు నాతో మెల్లగా. అంకుల్ మాత్రం "ఒకసారి ప్లగ్గు విప్పుదామండి" అంటూ చొక్కా చేతులు మడిచాడు. ప్లగ్గు నిండా పొడి మసి. తర్వాత గాలి వడగట్టే ఫిల్టర్ బయటికి తీసి, అది లేకుండానే కాసేపు ఇంజన్ నడిపించాడు. పొగ పలచబడింది. ఫిల్టర్‌ని నేలకేసి కొడితే హైటెక్ సిటీ దుమ్మంతా మా వాకిట్లో రాలింది.

"రిచ్ అంటే ఇదేనమ్మా. పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. గాలి ఆడకపోతే లోపలున్నదంతా మసైపోతుంది" అన్నాడు నాతో. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

ఆ తర్వాత ఆయన తన వ్యాన్‌లోని ఫిల్టర్ విప్పి తెచ్చి మా దాంట్లో బిగించాడు. "మరి మీ బండి?" అన్నాడు నాయన. "మీరు కొత్త ఫిల్టర్ తెచ్చుకునేదాకా నాకు పనేముందండీ" అన్నాడాయన. ఊరుకుంటే చాలు, మా పని ఆయన చేతికే వచ్చేది.

పొద్దున మా వ్యాన్ పొగ లేకుండా మియాపూర్ బయల్దేరింది. ఆ కొత్త వ్యాన్ వాళ్ళింటి ముందే ఉండిపోయింది. ఆ రోజు అన్నం తింటూ నాయన "మనిషంటే గట్లుండాలె" అన్నాడు. నన్ను ఏనాడూ అంతగా మెచ్చుకోలేదు. నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది, ఈసారి ఆ అంకుల్ మీద! అయినా చేతులు కడుక్కుని పక్కింటికి వెళ్ళాను. ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, మీ బండి బాగుంటుంది అన్నాను. అన్నాక ఊపిరాడినట్టయింది.

ఇప్పటికీ ఎవరిని చూసి ఒళ్ళు మండితే వాళ్ళింటికి వెళ్ళి చాయ్ తాగి వస్తాను. మొన్న మా తోటికోడలు తెల్లాపూర్‌లో పెద్ద ఇల్లు కొంటే, గృహప్రవేశానికి అందరికంటే ముందు నేనే వెళ్ళాను. బాల్కనీలో నిలబడి, ఇల్లు చాలా బాగుందని మనస్ఫూర్తిగా చెప్పాను. కుళ్ళు పోయిందా అంటే, ఎక్కడ పోతుంది! మసి మాత్రం పట్టనివ్వలేదు.